నీళ్ళ కింది ఏడో వంతెన

బజారులో చేపలమ్మే బల్లల మీదికి చేపలు వాటంతటవే ఈదుకుంటూ వచ్చిన పెద్ద వరద ఒకటుంది. దాని తరువాత మూడో ఏడు ఇది జరిగింది. ఆ ఏడూ సేకొంగ్ నది పొంగింది గాని బజారు దాకా రాలేదు. హూయ్‌లాన్ వాగు మీది వంతెన ఒక్కటి మునిగింది.

నాది రెండు బల్లల మోటారు బండి. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన రేకు, రేకు మీద మూటలు. స్టాండులో నాది నాలుగో నంబరు. ముప్ఫై ఐదేళ్ళుగా నాలుగే. ఆ మధ్యలో బండి మారింది. పాత బండి బల్లలు ఊడదీసి కొత్త బండికి బిగించుకున్నాను. నంబరు మారలేదు.

స్టాండులో ఒక నల్లబల్ల ఉంటుంది. దాని మీద వరస పెద్ద సుద్దతో మా నంబర్లు రాస్తాడు. బండి నిండగానే ఆ వరసలో కదలాలి. నంబరు చెరిపితే స్టాండులో చోటు పోయినట్టే. చోటు పోయినవాడు దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపకూడదు.

అప్పుడు వరస పెద్ద బున్‌లాయ్. వాళ్ళ నాన్నా నేనూ ఒకే దారిలో బండ్లు నడిపినవాళ్ళం. ఆ ఏడు వానలకు ముందు వాడి బావమరిది మూడు తెల్ల వ్యాన్లు కొన్నాడు. అద్దాలు బిగించి లోపల చల్లగాలి వదిలే రకం. అవి వచ్చిన వారానికి నల్లబల్ల పక్కన ఒక అట్ట వేలాడింది. పరదేశీయులు వ్యాన్లలో మాత్రమే ప్రయాణించవలెను, వారిని ఎక్కించుకున్న రెండు బల్లల బండి నంబరు చెరిపివేయబడును, అని. అది వాళ్ళ క్షేమం కోసమేనట.

అందరం అది చదివి ఎవరి బండి దగ్గరికి వాళ్ళం వెళ్ళాం. నేనసలే మాట్లాడను.

తొమ్మిదో నెల అమావాస్యకు మాకు పొట్లాల పండగ. ఆ తెల్లవారుజామున చనిపోయినవాళ్ళ కోసం అరటాకులో అన్నం కట్టి గుడి ప్రహరీ చుట్టూ నేల మీద పెడతాం. ఏడాదికి ఒక్కసారే. ఎముకలు ఊరు చేరనివాళ్ళకు ఆ పొట్లం అందదు. వాళ్ళు మరో ఏడాది ఆకలితో తిరగవలసిందే.

ఆ పండగకు ముందురోజు పొద్దున స్టాండుకి ఒక పరదేశి వచ్చాడు. పొడుగాటి మనిషి. నా వయసే ఉంటుంది. మెడలో గుడ్డ సంచి, దాని మీద రెండు చేతులూ. వ్యాను దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

"సంచి ఇటివ్వు, వెనక సామాన్లలో పడేస్తా" అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఇది సామాను కాదు బాబూ. మా ఆవిడ."

అందరం తలలు తిప్పాం. మాట్లాడింది మా లావో మాటే. అదీ కొండపల్లెల ఆడవాళ్ళు మాట్లాడినట్టు చివర్లు సాగదీస్తూ. భార్య దగ్గర నేర్చుకున్న మాట మరి.

వ్యాను డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు. "అస్థికలా? ఎక్కించను సామీ. రేపు ఇందులో పండగవాళ్ళు ఎక్కాలి."

బున్‌లాయ్ వచ్చాడు. సంగతి విన్నాడు. మంచిగానే మాట్లాడాడు. "మీరు పండగ వెళ్ళాక ఎల్లుండి రండి. ఎవరూ లేని వ్యాను ఒకటి చూసి పంపిస్తాను."

"ఎల్లుండా? రేపు తెల్లారేసరికి ఈవిడ హూయ్‌కౌ గుడిలో ఉండాలయ్యా. ఈవిడ చెల్లెలు ఎదురుచూస్తూ ఉంటుంది. గోడలో గూడు కట్టించి పెట్టింది. మాటిచ్చాను."

"మాట మీరిచ్చారు. వ్యాను మాది."

ఆ మనిషి పేరు యాన్ అని తరువాత తెలిసింది. మా బండ్ల వైపు వచ్చాడు. ఒకటో నంబరు వాణ్ణి అడిగాడు. వాడు టైరు వంక చూశాడు. రెండో వాడు చెప్పులు చూసుకున్నాడు. మూడో వాడు బండి కిందికి దూరాడు, అక్కడేదో పనున్నట్టు. నా దగ్గరకు వచ్చాడు. ఏమీ అడగలేదు. అడిగి అడిగి అలిసిపోయినట్టున్నాడు. ఊరికే నిలబడ్డాడు.

"ఎక్కు" అన్నాను.

"పెదనాన్నా" అని వెనకనుంచి బున్‌లాయ్ పిలిచాడు. "అట్ట చదివావా?"

"చదివాను."

"చదివీ ఎక్కిస్తున్నావా?"

ముందు తలుపు తీసి పట్టుకున్నాను. యాన్ ఎక్కాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నంబరు చెరిపేస్తాను. నాన్న స్నేహితుడివని ఊరుకోను, చెప్తున్నా."

"సుద్ద నీ చేతిలోనే ఉందిగా" అన్నాను.

వెనక బల్ల మీద అప్పటికే ఓన్సీ అక్క కూర్చుని ఉంది. పులిసిన చేపల జాడీలు నాలుగు కాళ్ళ మధ్య పెట్టుకుని. కొండపల్లెలకి ఆవిడే పట్టుకెళ్ళి అమ్ముతుంది. స్టాండులో ఆవిడ నోటికి భయపడనివాడు లేడు.

"ఒరే బున్‌లాయ్, క్షేమం గురించి నువ్వు చెప్తావేంట్రా! మీ అమ్మకి నొప్పులొచ్చినప్పుడు ఏ వ్యాను తీసుకెళ్ళింది? ఈ బల్ల మీదేగా నువ్వు ఊడిపడింది, ఆసుపత్రి ఇంకో కోసు ఉండగానే. ఆ తరవాత బల్ల కడిగింది నేను. ఇప్పటికీ వానొస్తే నీ వాసనే!"

బండిలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. బున్‌లాయ్ చెవులు ఎర్రబడ్డాయి. నేను ఇంజను తిప్పాను. వాడు నల్లబల్ల వైపు నడిచి వెళ్ళడం అద్దంలో కనిపించింది. నాలుగు మీద అరచెయ్యి పెట్టి తుడిచాడు.

బండి నిండక ముందే కదలడం నాకు అదే మొదటిసారి.

మొదటి వంతెన స్టాండు దాటగానే వస్తుంది. దాని ముందు బండి ఆపాను. యాన్ నా వంక చూశాడు.

"ఆవిణ్ణి పిలవాలి" అన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

వెనక కిటికీలోంచి ఓన్సీ అక్క తల దూర్చింది. "ఏమయ్యా అల్లుడూ, నీకు చెప్పలేదా ఎవరూ? పోయినవాళ్ళకి నీళ్ళు దాటడం తెలీదు. ఎముకలు దాటినా ప్రాణం ఒడ్డునే ఆగిపోద్ది. వంతెన వచ్చినప్పుడల్లా పేరు పెట్టి పిలిచి, వంతెన దాటుతున్నాం, రా అని చెప్పాలి. ఒక ముద్ద అన్నం నీళ్ళలో వెయ్యాలి. పేరేంటి ఆవిడది?"

"చన్‌పెంగ్."

"ఊఁ, పిలువు."

"చన్‌పెంగ్" అన్నాడు ఆయన, సంచికే వినబడేటట్టు.

"మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకుంటున్నట్టు అంటే ఎలా? నువ్వింత మెల్లిగా పిలిస్తే ఆవిడ ఇంట్లో పలికేదా?"

"పలికేది కాదు" అన్నాడు యాన్. "అరవాలి నేను. అరిస్తే, చెవుడు నాకు కాదు నీకు అనేది."

"మరింకేం, కేకెయ్యి!"

అరిచాడు. నేను వెదురుబుట్టలోంచి జిగురన్నం చిదిమి ఇచ్చాను. ఆయన చిన్న ఉండ చేసి వాగులోకి విసిరాడు. బండి కదిలింది. వంతెన చెక్కలు చక్రాల కింద దడదడలాడాయి.

మా మేస్త్రీలకు చెక్కలు బిగించే అలవాటు లేదు. అందుకే మేం వంతెనలను చూసి గుర్తుపట్టం. నిద్రపోతున్నవాడు కూడా ఆ దడదడ విని ఇది మూడోది, ఇది అయిదోది అని చెప్పగలడు. స్టాండు నుంచి హూయ్‌కౌకి పదకొండు వంతెనలు.

ఒకటైనా తప్పిపోతుందేమోనని యాన్‌కు భయం. ఓన్సీ అక్క తెల్లనూలు ఇచ్చింది. వంతెనకొక ముడి వేసుకున్నాడు. మూడో వంతెనకు గొంతు బాగా వచ్చింది. నాలుగో దాని దగ్గర వెనక బల్లల మీదివాళ్ళూ కలిసి పిలిచారు. అయిదో దాని దగ్గర ఒక ముసలాయన "చన్‌పెంగూ, గుంట ఉంది చూసుకో" అని కూడా చెప్పాడు. గుంట నిజంగానే ఉంది.

యాన్ దారిపొడుగునా చూస్తూనే ఉన్నాడు. "ఇక్కడ పనస చెట్లుండాలే" అన్నాడు ఒకచోట.

"కొట్టేశారు."

"ఆ కొండ మీద పెద్ద రాయి, కప్పలా?"

"ఉంది. మలుపు తిరగనీ."

మలుపు తిరిగాం. కప్పరాయి అక్కడే ఉంది. ఆయన ఈ దారిలో ఎప్పుడూ రాలేదు. అంతా ఆవిడ చెప్పగా విన్నదే. పదిహేనేళ్ళ పిల్లగా అక్కతో పాటు ఏరు దాటి, దేశం విడిచి వెళ్ళిపోయిన మనిషి. తిరిగి రావడానికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చిందట. ఆయన సంచి మూతి కొంచెం ఎత్తి రాయి వైపు తిప్పాడు. నేను బండి నెమ్మది చేశాను.

పొద్దెక్కే వేళకు హూయ్‌లాన్ చేరాం. వంతెన లేదు. ఉన్నచోట ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి, కమ్మీల కొస ఒకటి పైకి కనబడుతోంది. నాలుగు పడవలు కలిపి కట్టి, మీద పలకలు పరిచి, ఊరివాళ్ళు బండ్లను దాటిస్తున్నారు. వాళ్ళలో పెద్ద తొంగ్‌సాయ్ అనే అతను.

అక్కడే బున్‌లాయ్ మోటారు సైకిలు మీద మమ్మల్ని అందుకున్నాడు. నడుం దాకా బురద.

"తొంగ్‌సాయ్, ఆ బండికి నంబరు లేదు. ఎక్కించుకోకు."

తొంగ్‌సాయ్ నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు. "నా పలకల మీద నంబర్లు రాసుండవు. బరువెంతో చెప్పు."

"రేపటినుంచి వ్యాన్లు ఈ దారిన రావు మరి."

"వ్యాన్లు ఈ దారిన ఎప్పుడొచ్చాయి?" అంది ఓన్సీ అక్క. "వాటికి బురదంటే సిగ్గు. ఒరే, కాస్త పక్కకి జరుగు, నా జాడీ పగిలితే ఆ వాసన నీతో పాటు నీ బావమరిదికి కూడా ఒక నెల అంటుకుంటుంది."

బండిని పలకల మీదికి తోశాం. అందరూ దిగి తలొక చెయ్యి వేశారు. ఒక చక్రం జారింది. తాళ్ళు, కేకలు, దేవుడి పేర్లు, బూతులు. జాడీలు తలల మీద ఎత్తుకున్నారు. యాన్ సంచిని ఎత్తి పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి భుజంతో తోశాడు. ఎలాగో అవతలి ఒడ్డు చేరాం. వెనక ఒడ్డునుంచి బున్‌లాయ్ అరుస్తున్నాడు.

"పెదనాన్నా! ఈ ఒడ్డుకి రావాలిగా మళ్ళీ! ఇక్కడే ఉంటా! తాళం చెవి తీసుకునే పంపిస్తా!"

నేను చెయ్యి ఊపాను. అందరం నవ్వుకున్నాం. నాకూ నవ్వొచ్చింది.

ఆ తరువాత నాలుగు వంతెనలు. నాలుగూ పిలిచాం. దారిలో ఒక్కొక్కరు దిగిపోయారు. మధ్యాహ్నం దాటాక హూయ్‌కౌ పొలిమేర కనిపించింది. కొయ్య ద్వారం కింద చన్‌పెంగ్ చెల్లెలు నొయ్ నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పువ్వులు. పక్కన ఇద్దరు ముసలమ్మలు.

యాన్ దిగలేదు. నూలు వంక చూస్తున్నాడు.

"అన్నా, వంతెనలు పదకొండు అన్నావు."

"పదకొండే."

"పది ముళ్ళే ఉన్నాయి."

మళ్ళీ లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. ఓన్సీ అక్క దిగి వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆరోది దాకా వచ్చి ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దడదడలాడలేదు. అదీ సంగతి. చక్రాల కింద చెక్కలు మోగలేదు గనక ఏడోది ఎవరికీ వంతెనగా తట్టలేదు. ఇరవైమందిమి ఉన్నాం ఆ నీళ్ళ మీద. పడవలు, తాళ్ళు, జాడీలు అన్నాం. పిలవడం ఒక్కటి మరిచాం. ముప్ఫై ఐదేళ్ళు నడిపిన నేనూ మరిచాను. ఆ దారిన కొత్తగా వచ్చినవాడు మాత్రం లెక్క చూసుకున్నాడు.

నొయ్ పళ్ళెం పట్టుకుని దగ్గరకు వచ్చింది. "బావా, దిగండి. అక్కని ఇలా ఇవ్వండి."

"ఇవ్వకు!" అంది ఓన్సీ అక్క. "ఈ సంచిలో ఎముకలే ఉన్నాయమ్మా. మీ అక్క రాలేదు. హూయ్‌లాన్ అవతలి ఒడ్డునే ఉండిపోయింది."

నొయ్ చేతిలో పళ్ళెం ఒరిగింది. పువ్వులు రెండు కింద పడ్డాయి. ఒక ముసలమ్మ, "పోన్లే, ఇక్కడినుంచే గట్టిగా పిలిస్తే" అంది. అలా కుదరదని ఆవిడకూ తెలుసు.

యాన్ నన్ను చూడలేదు. రోడ్డు వంక చూస్తూ అన్నాడు. "నడిచి వెళ్తాను. ఎంత దూరం?"

"పొద్దుగూకాక కూడా చేరవు."

"ఆ ఒడ్డున అతను ఉన్నాడు కదా. నీ బండి తీసుకుంటానన్నాడు."

"అన్నాడు."

"నావల్ల నంబరు పోయింది. బండి కూడా పోగొట్టుకోవద్దు అన్నా."

నేను బండి తిప్పడం మొదలుపెట్టాను. దారి ఇరుకు. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించాలి. మూడోసారి ఓన్సీ అక్క ఎగిరి వెనక బల్ల మీద కూర్చుంది. జాడీలు నొయ్ కాళ్ళ దగ్గర దింపేసి.

"నువ్వెందుకు?" అన్నాను.

"నీ గొంతుకి ఒడ్డునున్న కప్ప కూడా తిరిగి చూడదు. అందుకు."

వెనక్కి వెళ్ళేటప్పుడు వంతెనల దగ్గర ఆగలేదు. పిలవడానికి ఆవిడ మా వెంట లేదు. నాలుగు వంతెనలూ దడదడలాడుతూ దాటాను. ఎప్పుడూ అంత జోరుగా నడపలేదు.

తొంగ్‌సాయ్ మమ్మల్ని చూసి తాడు విప్పాడు. బండి ఈ ఒడ్డునే వదిలితే బున్‌లాయ్‌కి అందదు. ఆ మాట తొంగ్‌సాయ్ అన్నాడు కూడా. నేను తల అడ్డంగా ఊపాను. చన్‌పెంగ్ ఆ ఒడ్డు దాకా వచ్చింది నా బండిలో. మళ్ళీ ఎక్కవలసింది నా బండిలోనే. బండి పలకల మీదికి ఎక్కించాను.

అవతలి ఒడ్డున సేమియా పులుసు అమ్మే పాకలో బున్‌లాయ్ కూర్చుని ఉన్నాడు. గిన్నె వదిలి లేచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వచ్చావా పెదనాన్నా! నాకు తెలుసు. బుద్ధి తెచ్చుకుని వస్తావని తెలుసు. తాళం ఇలా ఇవ్వు. ఒక నెల పోయాక చూద్దాం."

తాళం చెవి బండికే వదిలి దిగాను. వాడి పక్కనుంచి నడిచి, మునిగిన వంతెన ఈ కొసన, కమ్మీ పక్కన, నీళ్ళ అంచున నిలబడ్డాను. యాన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. పొద్దుటినుంచి అరిచి అరిచి బొంగురుపోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

ఓన్సీ అక్క పిలవబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. తప్పిపోయింది నా బండిలోంచి.

"చన్‌పెంగ్!" అన్నాను.

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పాకలోవాళ్ళు గిన్నెలు దింపారు. అవతలి ఒడ్డున కుక్క మొరిగింది.

"చన్‌పెంగమ్మా! వంతెన నీళ్ళ కింద ఉంది! పడవ మీద దాటుతున్నాం! పొద్దున నిన్ను మరిచిపోయాం, తప్పు మాది! నీ మొగుడు ఇక్కడే ఉన్నాడు, కోపం తెచ్చుకోకుండా రా! ముందు సీటు నీదే!"

యాన్ అన్నం ఉండ విసిరాడు. ఎర్రనీళ్ళలో పడి మునిగింది.

వెనక్కి తిరిగాను. బున్‌లాయ్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. తాళం చెవి వాడికి జానెడు దూరంలో వేలాడుతోంది. వాడు మా వాడే. పోయినవాళ్ళని పిలుస్తుంటే మధ్యలో మాట్లాడకూడదని వాళ్ళమ్మ వాడికీ చెప్పి ఉంటుంది. పిలిచిన మనిషి వచ్చే దారికి అడ్డం నిలబడకూడదని కూడా. వాడు టోపీ తీశాడు. తలుపు వదిలి, మూడడుగులు పక్కకు జరిగాడు.

ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను, ఆవిడ ఎక్కేంతసేపు. తరువాత యాన్ ఎక్కాడు.

బండి పలకల మీదికి వచ్చాక బున్‌లాయ్ టోపీ పెట్టుకున్నాడు.

"నంబరు మాత్రం చెరిపేశాను పెదనాన్నా."

"చూశాను."

"మళ్ళీ రాయను."

"రాయకు" అన్నాను.

యాన్ ఏడో ముడి వేశాడు, ఆరోదానికీ దాని తరువాతదానికీ మధ్య ఇరికించి. మిగిలిన నాలుగు వంతెనల దగ్గరా మళ్ళీ ఆగాం, మళ్ళీ పిలిచాం. దీపాలు పెట్టే వేళకు హూయ్‌కౌ ద్వారం దాటాం. నొయ్ అదే పళ్ళెం పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.

తెల్లవారుజామున గుడి ప్రహరీ చుట్టూ పొట్లాలు పెట్టారు. యాన్ ఒకటి పెట్టాడు. సరిగా కట్టడం రాకపోతే నొయ్ మళ్ళీ కట్టింది. బున్‌లాయ్ నాన్న పేరు మీద నేనొకటి పెట్టాను. వెలుగు వచ్చాక అస్థికలు గోడ గూట్లో పెట్టి సున్నం మెత్తారు. అది తడి ఆరకముందే నేను బండి తీశాను. యాన్ నాతో స్టాండు దాకా వస్తానన్నాడు. ముందు సీట్లో కూర్చున్నాడు. మొదటి వంతెన రాగానే అలవాటుగా అన్నం బుట్టలో చెయ్యి పెట్టాడు. పెట్టి, తీసేసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

స్టాండులో అందరూ ఉన్నారు. నల్లబల్ల మీద మూడు తరువాత అయిదు ఉంది. నాలుగో చోట ఒక తెల్ల వ్యాను నిలబడి ఉంది. దాని పక్కన సందులో నా బండి పట్టింది. అద్దం ఒరుసుకుంది గాని పట్టింది. దిగి, నొయ్ పొయ్యిలోంచి తెచ్చుకున్న బొగ్గు జేబులోంచి తీశాను. నల్లబల్ల మీద బొగ్గు కనబడదు. అందుకని పక్కనే సున్నం కొట్టిన గోడ మీద, అట్ట తీసి కింద పెట్టి, నాలుగు అని రాసుకున్నాను. మోచేతి పొడవు రాశాను. తరువాత బల్లలు తుడిచి, హూయ్‌కౌ, హూయ్‌కౌ అని పిలవడం మొదలుపెట్టాను.